మందు ఎవరి తోటకు? విషం ఎవరి ఒంటికి?

‘రైతు తోటకు నాలుగుసార్లు మందు కొట్టాడు.’ పత్రికలలోనూ, వ్యవసాయ శాఖ సమీక్షలలోనూ, పండిత చర్చలలోనూ మనం తరచూ చదివే వాక్యం ఇది. ఈ చిన్న వాక్యంలో రెండు అసత్యాలున్నాయి. కొట్టింది మందు కాదు, విషం. కొట్టిన మనిషి చాలాచోట్ల రైతూ కాదు. తోటకు యజమాని ఒకరు, కాపును ముందుగా కొనుక్కున్న వ్యాపారి మరొకరు, గొట్టం పట్టుకుని చెట్టు కింద నిలబడిన కూలి ఇంకొకరు. సేద్యం, ఆరోగ్యం, పర్యావరణం అంటూ సాగుతున్న ఘనమైన చర్చలో మొదటి ఇద్దరికీ చోటుంది. తినే వినియోగదారుకూ చోటుంది. మూడో మనిషి పేరు మాత్రం వినపడదు. ఆ మనిషి కులమేమిటో తెలిస్తే, పేరు ఎందుకు వినపడదో కూడా తెలుస్తుంది.

రెడ్డిగూడెం మండలాన్నే చూద్దాం. 2022 ఏప్రిల్ వరకు కృష్ణా జిల్లాలో, ఆ తరువాత ఎన్టీఆర్ జిల్లాలో భాగమైన మెట్ట ప్రాంతమిది. నూజివీడు మామిడి అని దేశమంతా చెప్పుకునే పండులో ఈ మండలం తోటల వాటా కూడా ఉంది. ఇక్కడి బంగినపల్లి, కలెక్టరు కాయ విజయవాడ శివారు నున్న మార్కెట్‌కు చేరి అక్కడి నుంచి ఉత్తరాది లారీలెక్కుతాయి. పడమరగా నందిగామ, జగ్గయ్యపేటల వైపు వెళితే మామిడి తగ్గి పత్తి, మిరప పెరుగుతాయి. పంట ఏదైనా పద్ధతి ఒకటే. ఊరి పేరులో గూడెం ఉన్నా, ఆంధ్ర ప్రాంతపు వాడుకలో గూడెమంటే ఊరికి అవతల విసిరేసినట్టుండే మాల, మాదిగల ఇళ్లు. భూమి ప్రధానంగా ఊరి చేతిలో ఉంటుంది. కూలికి మనుషులు గూడెం నుంచీ తండా నుంచీ వస్తారు.

మామిడి పూత డిసెంబరు, జనవరి నెలల్లో మొదలవుతుంది. తేనెమంచు పురుగు పూతను పీల్చేస్తుందన్న భయంతో పిచికారీలు అప్పుడే మొదలై పిందె కట్టేదాకా సాగుతాయి. 2021లో మిరపను తుడిచిపెట్టిన నల్ల తామర పురుగు మామిడి పూతకూ పాకడంతో ఆ భయం రెట్టింపయింది. పత్తిచేలో మనిషి మొక్క కంటే ఎత్తుగా ఉంటాడు కాబట్టి తుంపర ఎక్కువగా కాళ్ల మీద, చేతుల మీద పడుతుంది. మామిడి తోటలో చెట్టు మనిషికి మూడు నాలుగింతల ఎత్తు. కూలి తల పైకెత్తి కొమ్మల్లోకి విషం చిమ్మాలి. చిమ్మినదాంట్లో కొంత ఆకుకు అంటి, మిగిలింది మంచులా కిందికి దిగుతుంది. దిగేది అతని ముఖం మీదకు, నోట్లోకి, కళ్లలోకి. అతనికున్న రక్షణ ముక్కుకు చుట్టుకున్న తువ్వాలు. డ్రమ్ములో విషం కలిపేది కర్రతో, ఒక్కోసారి చేత్తోనే. సాయంత్రం ఆ బట్టలను ఉతికేది అతని భార్య.

ఇది చట్టం లేని దేశమేమీ కాదు. 1968 నాటి పురుగుమందుల చట్టం ఉంది, దాని కింద 1971లో వచ్చిన నియమావళి ఉంది. పిచికారీ చేసేవారికి రక్షణ దుస్తులు, చేతి తొడుగులు, శ్వాస పరికరాలు ఇవ్వాలని, వారికి వైద్య పరీక్షలు జరపాలని ఆ నియమావళి చెబుతోంది. యాభై ఏళ్లు దాటాయి. మెట్ట ప్రాంతపు కూలీలలో యజమాని ఇచ్చిన రక్షణ దుస్తులు వేసుకున్నవారిని, పిచికారీ పని చేస్తున్నందుకు వైద్య పరీక్ష జరిగినవారిని వెతికి చూడండి. సీసా మీద ఎరుపు త్రికోణమో, పసుపు త్రికోణమో ఉంటుంది. దాని అర్థం చెప్పే చిన్న అక్షరాలు చదివే అవకాశం లేనివారి చేతికే ఆ సీసా అందుతుంది. ప్రాణాంతకమని దశాబ్దాలుగా తెలిసిన మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై వాడరాదని కేంద్రం 2005లోనే చెప్పింది. కూరగాయను పట్నం తింటుంది కనుక ఆ జాగ్రత్త వచ్చింది. పత్తిని ఎవరూ తినరు, పత్తికి చిమ్మే మనిషి మాత్రం పీలుస్తాడు. అతని కోసం ఆగవలసి వచ్చింది. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి పిచికారీ చేస్తూ ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు విషం పీల్చి మరణించారు. ఆ తరువాత కూడా ద్రవరూప మోనోక్రోటోఫాస్‌ను క్రమంగా తొలగించాలన్న కేంద్రం ఉత్తర్వు వెలువడింది 2023లోనే.

ఇదే మెట్టలో, నందిగామకు పక్కనే, కంచికచర్ల ఉంది. 1968లో కోటేశు అనే దళిత యువకుణ్ణి దొంగతనం నెపంతో సజీవంగా తగలబెట్టిన ఊరది. ఆ మంటను దేశం చూసింది, పార్లమెంటు చర్చించింది. దళిత ఉద్యమం దాన్ని ఇప్పటికీ మరచిపోలేదు. తుంపరై దిగే విషానికి అలాంటి మంట లేదు. దానికి నిందితుడు లేడు, తేదీ లేదు, ప్రథమ సమాచార నివేదిక లేదు. కూలి కళ్లు తిరిగి పడిపోతే ఎండదెబ్బ అంటారు. వాంతులు చేసుకుంటే తాగుడు అంటారు. ఏళ్ల తరబడి నరాలు సడలి, మూత్రపిండాలు చెడి చనిపోతే విధి అంటారు. కులహింసను చెయ్యెత్తి కొట్టిన దెబ్బలోనే చూడడం మనకు అలవాటయింది. పనిని కులాన్ని బట్టి పంచి, ఆ పనిలోని ప్రమాదాన్నీ దానితో పాటే పంచే ఏర్పాటు కూడా కులహింసే. శ్రమ విభజనను మాత్రమే కాక శ్రామికుల విభజనను కూడా కులం చేసిందని అంబేడ్కర్ అన్నదానికి మామిడి తోట ఇవాళ్టి ఉదాహరణ.

ఇక కలుపు సంగతి. కలుపు తీత ఆడవాళ్ల పని, ముఖ్యంగా దళిత, ఆదివాసీ స్త్రీల పని. వంగి చేసే కష్టమే కావచ్చు, కాని ఆ పనిలో కూలి డబ్బుతో పాటు మరొకటి కూడా దక్కేది. సాలు మధ్య మొలిచిన గురుగు, చెంచలి, గంగవావిలి, అడవి తోటకూర, పొన్నగంటి ఒడిలో ఇంటికి వచ్చేవి. విత్తనం వేయకుండా, డబ్బు పెట్టకుండా దొరికే ఈ ఆకులే భూమి లేనివారి కూరగాయల తోట. వ్యవసాయ శాస్త్రం వాటికి కలుపు అని పేరు పెట్టింది, కలుపు మందు వాటిని మాడ్చేసింది. గ్లైఫోసేట్ మనుషులలో క్యాన్సర్‌కు బహుశా కారణం కావచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం 2015లో వర్గీకరించింది. దాని వినియోగాన్ని కేంద్రం 2022లో నియంత్రించింది. క్యాన్సర్ కారకమా కాదా అన్న వాదం శాస్త్రవేత్తల మధ్య సాగుతూనే ఉంది. గూడెంలోని స్త్రీకి మాత్రం నష్టం అంతకు ముందే జరిగిపోయింది. ఒకే సీసా ఆమె కూలి రోజులనూ తీసుకుపోయింది, కూరనూ తీసుకుపోయింది.

ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మధ్య స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఐదేళ్లలోపు పిల్లలలో అది ఇంకా ఎక్కువ. పోషకాహారం అనగానే మనం వంటింటిని తప్పుపడతాం, తల్లికి అవగాహన లేదంటాం. ఆమెకు అవగాహన ఉంది. ఆమె తినే తిండిని ఒక్కొక్కటిగా ఎవరు తీసేశారన్నదే అడగవలసిన ప్రశ్న.

మెట్ట ప్రాంతపు తిండి జొన్న, సజ్జ, వరిగ, కంది. కూలి కూడా జొన్నలలోనే కొలిచేవారు. వరి అన్నం పండుగనాటి మాట, లేదా పెద్దకులాల మాట. సాగర్ ఎడమ కాలువ నీళ్లు, 1983లో రెండు రూపాయల కిలో బియ్యం ఈ లెక్కను మార్చాయి. ఈ మార్పును తేలిగ్గా తిట్టిపోయడం తప్పు. తరతరాలుగా ఎవరికి తెల్లని అన్నం నిషేధమో వారికి బియ్యం కేవలం పిండి పదార్థం కాదు, గౌరవం. ఆకలి చావుకు అడ్డుపడిన హక్కు అది. జొన్న సంకటి రోజులు బంగారు రోజులని పట్నంలో కూర్చుని రాసేవారు, ఆ సంకటి కూడా చాలని ఇళ్లను చూడలేదు. అయితే బియ్యంతో పాటు పప్పు రాలేదు, గుడ్డు రాలేదు. జొన్న చేలు పత్తికి, మిరపకు, మామిడికి మారిపోయాక జొన్నతో పాటే వేసే కంది, అలసంద, అనుము కూడా పోయాయి. కడుపు నిండింది, రక్తం చిక్కబడలేదు. ఇప్పుడు ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక ఆ కొర్రలు, సామలే అందమైన పొట్లాల్లో నగరాల అంగళ్లకు వచ్చాయి. ఒకప్పుడు తక్కువకులపు కూడని ఈసడించిన ధాన్యం నేడు మధుమేహానికి ఔషధమైంది. ధర కూడా ఔషధం ధరే. దాన్ని కాపాడి, దంచి, వండి ఇంతకాలం బతికించిన స్త్రీలు ఇవాళ దాన్ని కొనుక్కోలేరు.

మాంసం కథ ఇంకా కఠినం. రక్తహీనతకు మాంసంలోని ఇనుము ఆకులలోని ఇనుము కంటే సులువుగా ఒంటబడుతుందని పోషకాహార శాస్త్రం చెబుతుంది. దళితవాడలలో గొడ్డుమాంసం, దాన్ని ఎండబెట్టి దాచుకునే తునకలు చవకైన బలం. తినేవారిని అంటరానివారుగా చేయడానికి ఈ తిండే సాకు అయిందని అంబేడ్కర్ 1948లో అచ్చయిన తన గ్రంథంలో చర్చించాడు. ఉమ్మడి రాష్ట్రంలో 1977 చట్టం గోవధను నిషేధించింది. చట్టం అనుమతించిన పశువులను తరలించినా, వండినా భయపడవలసిన వాతావరణం గత పదేళ్లలో పెరిగింది. బియ్యానికి ఇనుము అద్ది పంచుతున్న ప్రభుత్వాలు, పేదవాడు తన ఖర్చుతో తాను తినే ఇనుముకు కనీసం రక్షణ ఇవ్వడం లేదు.

నీటి సంగతికొద్దాం. రెడ్డిగూడేనికి దగ్గరలోని ఎ.కొండూరు మండలంలో లంబాడీ తండాలను మూత్రపిండాల జబ్బు ఏళ్లుగా పీడిస్తోంది. పనిచేసే వయసు మనుషులు విజయవాడ ఆస్పత్రులలో రక్తశుద్ధి యంత్రాల చుట్టూ తిరుగుతున్నారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాగే ఇక్కడా కారణం ఒక్కటని తేలలేదు. భూగర్భజలంలోని ఫ్లోరైడు, సిలికా, ఎండలో చెమటోడ్చే పని, నొప్పుల మాత్రలు, వ్యవసాయ రసాయనాలు, అన్నీ చర్చలో ఉన్నాయి. శ్రీలంకలో వరిపండించే రైతులకు, మధ్య అమెరికాలో చెరకు నరికే కూలీలకు ఇలాంటి జబ్బే వచ్చింది. కారణాలపై భేదాభిప్రాయాలున్నా, జబ్బుపడే మనిషిపై లేవు. ఎక్కడైనా అతడు ఎండలో ఒళ్లు వంచేవాడు, బోరు నీరు తప్ప మరో నీరు లేనివాడు. ఊరికి శుద్ధజల కేంద్రం డబ్బా నీళ్లు వస్తాయి. తండాకు చేతిపంపే గతి. పైపుల ద్వారా కృష్ణా నీటిని తండాలకు అందించే పథకం చేపట్టడానికి ఎన్ని మరణాలు కావలసి వచ్చిందో ఆ తండాలకు తెలుసు.

దీనికంతటికీ విరుగుడు ప్రకృతి వ్యవసాయమని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2016 నుంచి చెబుతోంది. రైతు సాధికార సంస్థ నడిపే ఆ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. అదే ఏడాది నవంబరులో కేంద్రం జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌కు 2,481 కోట్ల రూపాయలు ప్రకటించింది. విషం తగ్గించే ఏ ప్రయత్నాన్నైనా మొదట స్వాగతించవలసింది గూడెమే. ఎందుకంటే మొదట పీల్చేది గూడెమే. కాని స్వాగతంతో పాటు కొన్ని ప్రశ్నలు కూడా ఉన్నాయి.

మొదటి ప్రశ్న భూమి. 2011 లెక్కల ప్రకారం దేశ జనాభాలో దళితులు 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణనలో సాగు విస్తీర్ణంలో వారి కమతాల వాటా తొమ్మిది శాతంలోపు. నేలను బాగుచేయడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం ఇచ్చే కౌలు కార్డు గడువు పదకొండు నెలలు. దానికీ యజమాని సంతకం కావాలి. వచ్చే ఏడు ఎవరి చేతిలో ఉంటుందో తెలియని నేలకు కౌలుదారు ఎందుకు ప్రాణం పోస్తాడు?

రెండో ప్రశ్న ఆవు. ఎకరాకు వాడే జీవామృతానికి పది కిలోల పేడ, ఐదు నుంచి పది లీటర్ల మూత్రం, బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు మట్టి, రెండు వందల లీటర్ల నీరు కావాలి. ఈ పద్ధతిని ప్రచారం చేసిన సుభాష్ పాలేకర్ అది దేశవాళీ ఆవుదే కావాలన్నాడు. దేశవాళీ పశువులు తగ్గుతున్నాయని 2019 పశుగణనే చెప్పింది. ముసలి పశువును అమ్ముకునే సంత దెబ్బతింటే చిన్న రైతు పశువును పెంచడమే మానేస్తాడు. కాగా ఆవు పేడకు పవిత్రత అంటగట్టిన సమాజం, ఆ పేడను తరతరాలుగా ఎత్తిన చేతులకు అంటరానితనం అంటగట్టింది. మెట్ట సేద్యమంతా ఒకప్పుడు మాదిగ కుట్టిన తోలు మోటబొక్కెన మీద, అతడు చేసిన వారుల మీద, చెప్పుల మీద నడిచింది. కల్లం దగ్గర నాలుగు చేటల గింజలు పెట్టి ఆ విద్య విలువను ముగించారు. ప్రకృతి సేద్యం ప్రాచీన జ్ఞానమని చెప్పేవారు ఆ జ్ఞానం ఎవరిదో కూడా చెప్పాలి.

మూడో ప్రశ్న శ్రమ. ఈ కార్యక్రమం మొదలైనప్పుడు దాని పేరు ‘పెట్టుబడి లేని సహజ సేద్యం’. పెట్టుబడి ఎలా మాయమవుతుంది? సీసా బదులు కషాయం కాచే చేతులు, కలుపు మందు బదులు కలుపు తీసే నడుములు వస్తాయి. ఆ చేతులకు, నడుములకు కూలి లెక్క వేయకపోతేనే పెట్టుబడి సున్నా అవుతుంది. పెరిగిన పనికి న్యాయమైన కూలి దక్కితే ప్రకృతి వ్యవసాయం గూడేనికి మేలు. లేకపోతే వెట్టికి కొత్త పేరు.

ఈ ప్రశ్నలకు జవాబులు లేకపోలేదు. ఉమ్మడి ఖమ్మం జిల్లా పాల్వంచ మండలం పూనుకుల గ్రామం ఇరవై ఏళ్ల క్రితమే పురుగుమందులు లేని ఊరుగా తనను తాను ప్రకటించుకుంది. అక్కడ ముందు నిలిచింది మహిళా సంఘాలు. వేపగింజలు దంచి పొడి చేసే పని కూడా స్త్రీలకే ఉపాధి అయింది. జహీరాబాద్ ప్రాంతంలో 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలలో అధికులు దళిత స్త్రీలు. బీడు భూములను సాగులోకి తెచ్చి, జొన్నలు పండించి, ఊరి ధాన్యపు గాదెల నుంచి పేద ఇళ్లకు పంచారు. కలుపని పారేసే ఆకులను తిండిగా లెక్కకట్టారు, సొంతంగా రేడియో నడిపారు. 2019లో వారికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఈ రెండు చోట్లా నిర్ణయం పనిచేసేవారి చేతికి వచ్చాకే సేద్యం మారింది.

అమెరికా అనుభవమూ అదే చెబుతుంది. డీడీటీ ప్రమాదాన్ని రేచెల్ కార్సన్ 1962లో పుస్తకంగా రాసింది. ఆ దేశం దాన్ని నిషేధించింది 1972లో. అంతకు ముందే, 1970లో, కాలిఫోర్నియా ద్రాక్ష తోటల కూలీల సంఘం సమ్మె చేసి, ద్రాక్ష బహిష్కరణ ఉద్యమం నడిపి, యజమానులతో కుదుర్చుకున్న ఒప్పందాలలో డీడీటీ వాడరాదని రాయించుకుంది. వారిలో అధికులు మెక్సికన్, ఫిలిప్పీన్ మూలాల పేద కూలీలు. పర్యావరణ ఉద్యమం ఆలస్యంగా గుర్తించిన సత్యమది: విషం గురించి మొదట మాట్లాడవలసింది దాన్ని మోసేవాడే.

కాబట్టి మెట్ట ప్రాంతంలో దళిత, ఆదివాసీ, వ్యవసాయ కార్మిక సంఘాలు కూలి రేట్లతో పాటు మరికొన్ని డిమాండ్లను ముందుకు తేవలసి ఉంది. 1971 నియమావళి అమలుకు బాధ్యత తోట యజమానిపైనా, కాపు కొన్న వ్యాపారిపైనా పెట్టాలి. పూత కాలం ముందు, తరువాత పిచికారీ కూలీలకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో రక్తపరీక్షలు జరగాలి. విషప్రభావంతో మరణించిన కూలికి, పాసు పుస్తకం లేకున్నా, పరిహారం రావాలి. కౌలు కార్డుకు యజమాని సంతకం షరతు పోవాలి, గడువు పెరగాలి. ప్రకృతి వ్యవసాయ నిధులలో భూమిలేని స్త్రీల సంఘాలకు దీర్ఘకాలిక కౌలు భూమి సమకూర్చే పద్దు ఉండాలి. రేషన్ దుకాణంలో బియ్యంతో పాటు జొన్నలు, కందిపప్పు కావాలి. ఎవరి కంచంలో ఏముండాలో పోలీసు, పొరుగువాడు నిర్ణయించరాదు. ప్రతి గూడెం, ప్రతి తండా చేతిపంపు నీటి పరీక్షా ఫలితం పంచాయతీ గోడ మీద తెలుగులో రాసి పెట్టాలి.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. విశ్వవిద్యాలయాలలో పర్యావరణ శాస్త్రం ఒక భవనంలో, కుల అధ్యయనం మరో భవనంలో ఉంటాయి. రెడ్డిగూడెం తోటలో ఆ రెండూ ఒకే మనిషి ఊపిరితిత్తులలో కలుస్తున్నాయి. వచ్చే పూత కాలంలో అక్కడికి వెళ్లండి. చెట్టును, పురుగును, నేలను పరీక్షించండి, మంచిదే. గొట్టం పట్టుకున్న మనిషిని కూడా పేరడిగి, ఆరోగ్యం అడిగి, రోజుకెంత ఇస్తారో అడిగి రాసుకోండి. వేసవిలో మన ఇంటికి వచ్చే బంగినపల్లిని ఉప్పునీళ్లలో కడిగి, తొక్కతీసి తింటాం. మనకున్న ఆ జాగ్రత్త ఆ మనిషికి లేదు. అది అతనికి కూడా దక్కే దాకా మన పండు శుభ్రమైనదని చెప్పుకోలేం.